దిష్టి తగలని మస్తానయ్య

వేదులపాడులో నిమ్మకాయ కోయడం నేరం కాకముందు, అదొక పనిగా కూడా ఎవరూ లెక్కపెట్టేవారు కాదు. నెల్లూరు వైపు నిమ్మతోటల మధ్య ఉన్న ఊరు. పుట్టిన ప్రతి బిడ్డా పాలు మానకముందే నిమ్మచెక్క చీకి, మొహం చిట్లించి, మళ్ళీ కావాలని చెయ్యి చాపిన ఊరు. అలాంటి చోట ఒక కాయ కోసి రసం తియ్యడానికి ప్రభుత్వం అనుమతి కావాలని ఎవరైనా అని ఉంటే, పాపం ఎండదెబ్బ తగిలిందనుకుని ఆ మనిషికి నిమ్మకాయ నీళ్ళే కలిపి ఇచ్చి ఉండేవారు.

ఆ ఊళ్ళో మస్తానయ్య అనే పెద్దమనిషి ఉన్నాడు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఊళ్ళో ఆయనకు మంచిపేరు రాలేదు, చెడ్డపేరూ రాలేదు. ఆయన జీవితంలో ఉన్న ఒకే ఒక విలాసం మధ్యాహ్నం భోజనం చివర వచ్చేది. మజ్జిగన్నం కలుపుకోగానే భార్య పెంచలమ్మ వచ్చి పక్కన కూర్చుంటుంది. కాయను గచ్చు మీద పెట్టి, లోపల రసం వదులయ్యేదాకా అరచేత్తో అటూ ఇటూ దొర్లిస్తుంది. కత్తిపీట మీద అడ్డంగా రెండు చెక్కలు చేస్తుంది. ఎడమచేతి వేళ్ళు కింద పట్టి కుడిచేత్తో చెక్క పిండుతుంది. గింజలు వేళ్ళ మధ్య ఆగిపోతాయి, రసం అన్నంలో పడుతుంది. ఆ నాలుగు ముద్దలు తింటేనే ఆయనకు అన్నం తిన్నట్టు. ఆయన ఎన్నడూ తనంతట తాను పిండుకోలేదు. ఆవిడ పిండుకోనివ్వలేదు.

ఇలా ఉండగా జిల్లా కేంద్రంలో గృహ భద్రతా మండలి అధ్యక్షులవారి కంట్లో నిమ్మరసం పడింది.

ఆదివారం పూట ఇంట్లో బిర్యానీ తింటూ ఉల్లిపాయ ముక్కల మీద ఆయన స్వహస్తాలతో చెక్క పిండుకున్నారు. అది సూటిగా వెళ్ళి కుడికంట్లో కొట్టింది. మర్నాడంతా ఆయన ఒంటికంటితోనే సంతకాలు పెట్టవలసి వచ్చింది. వాటిలో కొన్ని కాగితం దాటి బల్ల మీద పడ్డాయట. ఒక అధ్యక్షుడికే రక్షణ లేని చోట సామాన్య గృహిణి గతేమిటని ఆయన కన్నీరు పెట్టారు. కన్నీరు ఎటూ కారుతూనే ఉంది కాబట్టి అది ఎంతవరకు ప్రజల కోసమో చెప్పడం కష్టం. వారం తిరక్కముందే ఉత్తర్వు వచ్చింది.

"ఇందుమూలముగా సకల గృహస్థులకు తెలియజేయునదేమనగా: నిమ్మ, గజనిమ్మ, దబ్బ ఇత్యాది ఆమ్లఫలములను శిక్షణ లేని హస్తములతో గృహములయందు ఖండించుట, పిండుట, పిండ యత్నించుట నేటినుండి నిషేధింపబడినది. రసము కావలసినవారు ఫలమును మండలివారి అధీకృత రసకేంద్రమునకు కొనివచ్చి, నేత్రకవచధారులైన సిబ్బందిచే పిండించుకొనవలెను."

వేదులపాడు రసకేంద్రం పాత గ్రంథాలయంలో వెలసింది. పుస్తకాలను ఎక్కడికి తీసుకెళ్ళారో ఎవరూ అడగలేదు. సిబ్బంది మోటారుసైకిలు హెల్మెట్లు, నల్లకళ్ళద్దాలు, మోకాళ్ళ దాకా రెయిన్‌కోట్లు వేసుకుని, తలుపులు మూసి, లోపల ఏదో ఆపరేషన్ జరుగుతున్నంత నిశ్శబ్దంగా కాయలు పిండేవారు. పొద్దున కాయ ఇచ్చి టోకెను పుచ్చుకుంటే, సీలు వేసిన సీసాలో రసం చేతికొచ్చేసరికి మధ్యాహ్నం దాటేది. అప్పటికది పచ్చిచేదు ఎక్కేది.

పెంచలమ్మ ఆ సీసాలోంచి ఒక చెంచా మజ్జిగన్నంలో పోసింది. మస్తానయ్య ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు.

"ఏందిమే ఇది? నిమ్మకాయ పిండినారా, కాకరకాయ పిండినారా?"

"నన్నడిగితే నాకేం తెలస్తాది? వాళ్ళు తలుపులేసుకుని పిండినారు," అంది పెంచలమ్మ.

అయితే ఆ ఉత్తర్వులో ఒకే ఒక సందు ఉంది. దాని మీద సంతకం పెట్టడానికి ముందురోజే అధ్యక్షులవారు కొత్త కారు కొని, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. రేపు ఎవడైనా వేలెత్తి చూపితే బాగుండదని కార్యదర్శి చివర ఒక వాక్యం చేర్చాడు. "దృష్టిదోష నివారణార్థము ఖండింపబడు ఫలములకు ఈ నిషేధము వర్తించదు."

ఊళ్ళో వకీళ్ళంతా చదివి వదిలేసిన ఈ వాక్యం పక్కింటి చెంగమ్మ కంట పడింది. ఆవిడ గోడ మీదుగా తల పెట్టి పెంచలమ్మను పిలిచింది.

"పెంచలక్కా, మీ ఆయన్ని కూసోబెట్టి కాయ చుట్టూరా తిప్పి కొయ్యి. దిష్టికి కోస్తే తప్పు కాదంట."

"అది సరేలేమే, దిష్టి తీసిన కాయ ఎవురన్నా తింటారా? గేటు కాడ పారెయ్యాలి గదా?"

"దిష్టి పడేది తొక్క మీద. ఎవురు చూసినారో, ఏం చూసినారో లోపలి రసానికేం తెలస్తాది? తొక్క ఎట్టాగూ పారేస్తాం గదా, ఇంకేంది?"

ఆ మాటలో ఎక్కడా తప్పు పట్టడానికి పెంచలమ్మకు వీలు దొరకలేదు. ఆ మధ్యాహ్నమే మస్తానయ్యను పీట మీద తూర్పుముఖంగా కూర్చోబెట్టి, ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి అంటూ కాయ తిప్పి, కోసి, తిన్నగా మజ్జిగన్నంలో పిండింది. ఆయన తిని, త్రేన్చి, "ఇప్పుడు ప్రాణం లేచొచ్చింది," అన్నాడు.

నాలుగు రోజుల్లో ఊరు ఊరంతా అదే పద్ధతి. పప్పులోకి దిష్టి, చారులోకి దిష్టి, ఇంటికి చుట్టాలొస్తే షర్బత్తు దిష్టి. పులిహోర చేసుకునే రోజు ఇంటిల్లిపాదీ వరసగా కూర్చుని దిష్టి తీయించుకునేవారు. మనుషులు చాలకపోతే గేదెకు తీసేవారు.

ఈ సంగతి మండలికి చేరింది. వేదులపాడులో దిష్టి అనూహ్యంగా పెరిగిందని తనిఖీదారులు రాశారు. అధ్యక్షులవారు కంగారుపడాల్సింది పోయి పొంగిపోయారు. ఒక ఊరికి ఇంత దిష్టి తగులుతున్నదంటే, పదిమందీ చూసి కుళ్ళుకునేంత ప్రగతి అక్కడ జరిగినట్టే గదా! తన హయాములో వేదులపాడు జిల్లాకే దిష్టికేంద్రంగా ఎదిగిందని ఆయన పైకి నివేదిక పంపారు. మరి తక్కిన ఊళ్ళకు ఎందుకు తగలడం లేదని పైనుంచి మందలింపు వచ్చింది. దాంతో అన్ని ఊళ్ళకూ దిష్టి లక్ష్యాలు నిర్ణయించారు. చివరికి ఆ ప్రగతిని కళ్ళారా చూద్దామని పైనుంచి ఒక పెద్ద అధికారి వేదులపాడు వచ్చి, వీధులన్నీ తిరిగి, పొంగుతున్న మురిక్కాలవనూ దాని పక్కన కునుకు తీస్తున్న గేదెలనూ ముక్కు మూసుకుని చూశాడు.

"వీళ్ళను చూసి కుళ్ళుకునేది ఎవరయ్యా?" అన్నాడు.

ఆ ప్రశ్నలోంచి దృష్టియోగ్యతా నిర్ధారణ సంఘం పుట్టింది.

సంఘంలో ఇద్దరు సభ్యులు. పెద్దాయన పరాంకుశంగారు. రెండో ఆవిడ విశాలాక్షిగారు. ఇద్దరూ అసూయపడటంలో ప్రభుత్వ ఖర్చుతో ప్రత్యేక శిక్షణ పొందినవాళ్ళు. వాళ్ళు ఇంటింటికీ వచ్చి మనుషులను పరిశీలనగా చూస్తారు. చూస్తుండగా ఇద్దరిలో ఒక్కరికైనా కడుపులో కాస్త మండితే వెంటనే చెయ్యి ఎత్తాలి. అప్పుడా ఇంటివాళ్ళకు దిష్టి అర్హత ఉన్నట్టు, వాళ్ళు నిమ్మకాయ కోసుకోవచ్చు. ఒక్క చెయ్యీ లేవకపోతే ఆ ఇంటి గేటుకు బోర్డు కొడతారు. అందుకోసం బోర్డులూ సుత్తీ మేకులూ పట్టుకుని ఒకతను వెనకే తిరుగుతుంటాడు. బోర్డు మీద ఎర్రక్షరాలతో ఇలా ఉంటుంది: "ఈ గృహమున దిష్టి తగులు అర్హత గలవారెవరును లేరు."

వాళ్ళు మొదట చెంగమ్మ ఇంటికి వెళ్ళారు. చెంగమ్మ మొగుడికి కోరమీసం ఉంది. దాన్ని చూడగానే పరాంకుశంగారి చెయ్యి దానంతటదే లేచింది. ఆయన పైపెదవి మీద ఎంత పెంచినా నాలుగు వెంట్రుకలు మించి మొలవవు.

తర్వాత మస్తానయ్య ఇంటికొచ్చారు. మస్తానయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, పౌడరు రాసుకుని వసారాలో నిలబడ్డాడు.

"తాము సహజముగా నిలువుడు. మేము చూచెదము," అన్నారు పరాంకుశంగారు.

చూశారు. చుట్టూ తిరిగి చూశారు. వెనక్కి తిరగమన్నారు. తిరిగాడు. నవ్వమన్నారు. నవ్వాడు.

"చాలు, నవ్వవద్దు," అంటూ విశాలాక్షిగారు వసారాలో బల్ల మీద కూర్చున్నారు.

"స్థిరాస్తి?" అన్నారు పరాంకుశంగారు ఆవిడ పక్కన కూర్చుంటూ.

"ఈ ఇల్లే సార్."

"స్వంతమా?"

"అద్దెది సార్."

"సంతానము?"

"ఒక కూతురు సార్. కావలిలో అంగన్‌వాడీ టీచరు."

"అల్లుడు?"

"ఉండాడు సార్."

"ఉన్నాడు, ఏమి చేయుచున్నాడు?"

మస్తానయ్య తల గోక్కున్నాడు. "అదే సార్. ఉండాడు."

పెంచలమ్మ తలుపు వెనకనుంచి ముందుకొచ్చింది. "ఈ వయసులో గూడా మా ఆయనకి చక్కెర జబ్బు లేదయ్యా."

విశాలాక్షిగారి చెయ్యి ఒళ్ళోంచి కొంచెం కదిలింది. "రక్తపోటు?"

"అదుండాది."

చెయ్యి మళ్ళీ ఒళ్ళోకి పోయింది.

పరాంకుశంగారు కళ్ళు మూసుకుని, తన కడుపును తాను ఒకసారి విచారించి చూసుకున్నారు. అక్కడేమీ మండటం లేదు. "సంఘము శాయశక్తులా ప్రయత్నించినది. ఈ వ్యక్తియందు అసూయపడదగిన అంశమేదియు కానరాలేదు. వారములోగా పునర్విచారణ కోరవచ్చును. అందునను విఫలమైనచో బోర్డు శాశ్వతముగా కొట్టబడును. అంతవరకు నిమ్మకాయ ముట్టరాదు," అని లేచారు.

పెంచలమ్మకు ఒళ్ళు మండిపోయింది. పెళ్ళయిన నాటినుంచీ ప్రతి అమావాస్యకూ ఆ మనిషి చుట్టూ ఉప్పు తిప్పి నీళ్ళలో పోసింది ఆవిడ. డ్యూటీ నుంచి అలిసి ఇంటికొస్తే ఏ పాపిష్టి కన్ను పడిందోనని మిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేసింది. అలాంటి తన మొగుడికి దిష్టి తగలదా? ఆయన్ని చూడటం వాళ్ళకు చాతకాలేదు గానీ!

మస్తానయ్యకు మాత్రం కోపం రాలేదు. చిన్నబోయాడు, అంతే. తను గొప్పవాడినని ఆయన ఎప్పుడూ అనుకోలేదు. కానీ ఎవరూ కుళ్ళుకోవడానికి వీల్లేని మనిషినని ప్రభుత్వమే ఇంటికొచ్చి చెప్పేసరికి అన్నం సహించలేదు. పైగా రసం లేని మజ్జిగన్నం.

మర్నాటికి సంగతి వీధి వీధంతా పాకింది. జనం ఆయన్ని ఏడిపించి ఉంటే బాగుండేది. అలా చెయ్యకుండా జాలిపడ్డారు. కూరగాయల బండివాడు కరివేపాకు ఊరికే ఇచ్చి, "ఉంచుకో సామీ," అన్నాడు. టీకొట్టు దగ్గర లేచి చోటిచ్చారు. తనకు చెకింగ్ ఇన్‌స్పెక్టరు పోస్టు రాకుండా మస్తానయ్య అడ్డం పడ్డాడని కక్షగట్టి ఏళ్ళ తరబడి మాట్లాడని పాత కండక్టరు మునస్వామి, బస్టాండులో ఎదురొచ్చి గట్టిగా కౌగిలించుకున్నాడు.

"నీ మీద నాకెందుకబ్బయా కోపం? అనవసరంగా ఇన్నాళ్ళూ పెట్టుకున్నా," అన్నాడు తడిగొంతుతో.

మస్తానయ్యకు ఆ దెబ్బ గట్టిగా తగిలింది. పగవాడు కూడా వద్దనుకున్న మనిషి ఇక ఎవరికి కావాలి? ఆయన ఇంటికొచ్చి తలకు రంగేసుకున్నాడు. అది నుదుటి మీదికి కూడా దిగి, కడిగినా పోలేదు. నల్లకళ్ళద్దాలు కొన్నాడు. ఇంగ్లీషు పేపరు చంకలో పెట్టుకుని వీధి ఈ చివరనుంచి ఆ చివరకు నడిచాడు. కుక్కలు మొరిగాయి.

"యాడికయ్యా ఈ వేషం?" అంది పెంచలమ్మ.

"బోర్డు కొడితే ఎట్టమే? రేపు కూతురొస్తే గేటు మీద ఏం చదవతాది? మా నాయనకి దిష్టి గూడా తగలదని చదవతాదా?"

పెంచలమ్మ లోపలికి పోయి అంట్లు తోముకుంది. ఆ పూట గిన్నెల చప్పుడు వీధి చివరిదాకా వినపడింది.

ఈలోగా ఊళ్ళో కొత్త వ్యాపారాలు లేచాయి. తనిఖీ రోజుకు ఇంటి ముందు నిలపడానికి కార్లు అద్దెకొచ్చాయి. గోడకు తగిలించడానికి లోపల యంత్రం లేని ఏసీ పెట్టెలు దొరికాయి. నలుగురూ చూసి ఏడ్చేలా ఎలా నడవాలి, ఎలా కాలు మీద కాలు వేసుకోవాలి, ఫోనులో ఎంత గట్టిగా మాట్లాడాలి అని నేర్పే దిష్టి కోచింగ్ సెంటరు ఒకటి వెలిసింది. అక్కడ పాఠం చెప్పే ఆయనకు సొంతింటి తనిఖీలోనే బోర్డు పడిందని తర్వాత తెలిసింది.

మస్తానయ్య అంత దూరం పోలేకపోయాడు. చెంగమ్మ పెట్టె తీసి తన లావుపాటి బంగారు గొలుసు ఇచ్చింది. "మెళ్ళో వేసుకుని, గుండీలు తీసి నిలబడన్నా. ఎవురికైనా మండాల్సిందే," అంది.

పునర్విచారణ రోజు సంఘం మిట్టమధ్యాహ్నం వచ్చింది. మస్తానయ్య గొలుసు బయటికి కనపడేలా ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. పరాంకుశంగారు దగ్గరకొచ్చి గొలుసును వేలితో పైకెత్తి చూసి, నిట్టూర్చి వదిలేశారు.

"అయ్యా, ఈ గొలుసుపై మేము ఇదివరకే అసూయపడియున్నాము. మొన్న పడమటి వీధిలో ఒక టైలరు మెడలో పడితిమి. నిన్న మిల్లు వెనుక ఒక దంపతుల మెడలలో వంతులవారీగా పడితిమి. ఒకే వస్తువుపై పదేపదే అసూయపడుట నిబంధనలకు విరుద్ధము."

"మరియు ఆరోగ్యమునకు హానికరము," అన్నారు విశాలాక్షిగారు.

పిట్టగోడ అవతల చెంగమ్మ తల చటుక్కున కిందికి దిగిపోయింది. తన గొలుసు అన్ని మెడలు తిరిగిందని ఆవిడ మొగుడికి అప్పటిదాకా తెలియదు.

పరాంకుశంగారు మళ్ళీ కళ్ళు మూసుకుని కడుపును విచారించారు. తల అడ్డంగా ఊపారు. "కొట్టుము," అన్నారు. బోర్డులతను గేటు దగ్గరకు పోయి మేకు నోట్లో పెట్టుకుని సుత్తి తీశాడు.

మస్తానయ్య గొలుసు తీసి చేతిలో పెట్టుకుని అలాగే నిలబడిపోయాడు. పెంచలమ్మ ఆయన్ని చూసింది. గేటు వైపు చూసింది. కొంగు దోపుకుంది.

"కొట్టుకోనీ. నువ్వు రా, అన్నం తిను. పొద్దుననంగా తిన్నావు."

"వాళ్ళుండారు గదమే."

"ఉంటే ఉండనీ. వాళ్ళ కోసరం నీ కడుపు మాడస్తానా?"

వసారాలోనే పీట వేసి, కంచం పెట్టి వడ్డించింది. ఆయన తల వంచుకుని పప్పన్నం తిన్నాడు, చారన్నం తిన్నాడు. ఎండకు వసారా నీడలోకి జరిగిన సంఘం వేరే పని లేక చూస్తూ నిలబడింది. బయట మేకు వంగిపోయింది, బోర్డులతను ఇంకో మేకు వెతుకుతున్నాడు.

మజ్జిగన్నం కలుపుకోగానే పెంచలమ్మ అలవాటుగా వచ్చి పక్కన కూర్చుంది. అలవాటుగా ఎడమచెయ్యి కంచం మీద పట్టింది, కుడిచెయ్యి పైకెత్తింది. అప్పుడు గుర్తొచ్చింది, చేతిలో ఏమీ లేదని. చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మస్తానయ్య అది చూశాడు.

"పిండు," అన్నాడు.

"ఏం పిండేది? కాయ యాడుంది?"

"ఉత్త చెయ్యే పిండు. పర్లేదు."

"నీకేమన్నా పిచ్చా?"

"నువ్వు పిండితేనే గదా నేను తినేది. పిండు."

పెంచలమ్మ బయటివాళ్ళను చూసి సిగ్గుపడింది. అయినా ఖాళీ గుప్పిట బిగించి కంచం మీద ఒకసారి పిండింది. లేని గింజలు పడకుండా కింద వేళ్ళు కూడా అడ్డం పెట్టింది. మస్తానయ్య అన్నం కలిపి, ముద్ద చేసి నోట్లో పెట్టుకుని నమిలాడు.

"ఇంకొంచెం," అన్నాడు. ఆవిడ ఇంకోసారి పిండింది.

"ఆ, ఇప్పుడు పులుపు సరిపోయింది," అన్నాడు.

విశాలాక్షిగారి చెయ్యి లేచింది.

ఆవిడ ఎత్తాలని ఎత్తలేదు. శిక్షణలో నేర్పినట్టు కడుపులో కాకుండా గొంతులో ఎక్కడో మండింది. ఆవిడ ఇంటికెళ్ళేసరికి ఎవరి అన్నం వాళ్ళు టీవీ ముందు తినేసి ఉంటారు.

పరాంకుశంగారు తెల్లబోయారు. "ఏమిటమ్మా ఇది? దేనిపై? వాహనమా, ఆభరణమా, మీసమా?"

"తెలియదండీ."

"తెలియదనిన ఎట్లు? కంటికి కనబడు వస్తువు ఉండవలెను గదా! అచ్చట ఏమున్నది? నిమ్మకాయయైనను లేదే!"

"అదేనండీ. లేదు కదా, అయినా ఆయన తింటున్నారు." విశాలాక్షిగారు కొంగుతో ముక్కు తుడుచుకున్నారు. "నాకు మండుతోందండీ. రాసుకోండి."

పరాంకుశంగారు ఆవిడకు నిబంధనలు చదివి వినిపిద్దామని నోరు తెరిచారు. ఈలోగా మస్తానయ్య మూడో ముద్ద పెట్టుకున్నాడు. పెంచలమ్మ కంచంలోకి వంగి, చాలా ఇంకా కావాలా అన్నట్టు మొగుడి మొహం చూసింది. పరాంకుశంగారి ఇంట్లో కంచం పక్కన ఉప్పు డబ్బా కూర్చుంటుంది, ఇంకెవరూ కూర్చోరు. ఆయన తెరిచిన నోరు అలాగే ఉంది. చెయ్యి మాత్రం మెల్లగా లేచి చెవి దగ్గర ఆగింది, తర్వాత పూర్తిగా లేచింది.

గేటు దగ్గర సుత్తి చప్పుడు ఆగిపోయింది. బోర్డులతను ఏం చెయ్యాలో తెలియక ఇటే చూస్తున్నాడు.

"బోర్డు దింపుము," అన్నారు పరాంకుశంగారు బొంగురుగా. "ఈ గృహస్థునకు దిష్టి తగిలినది. తగిలినది మా కన్నే. నిబంధనల ప్రకారము తక్షణమే నివారణ జరుగవలెను. నిమ్మకాయ ఖండింపవచ్చును."

ఆ మాట పూర్తయ్యీ కాకముందే పిట్టగోడ మీదినుంచి ఒక నిమ్మకాయ వచ్చి వసారాలో పడి దొర్లింది. "పెంచలక్కా, మంచి రసం కాయ! తోటలోది!" అని చెంగమ్మ గొంతు వినపడింది.

మస్తానయ్య కంచంలో ఇంకా మజ్జిగన్నం మిగిలే ఉంది. ఆయన గబగబా దాన్ని ఒక పక్కకు లాగి, మధ్యలో గుంట చేసి, రసం కోసం సిద్ధంగా పెట్టుకున్నాడు. మొహం వెలిగిపోతోంది. పెంచలమ్మ కాయ తీసుకుని వచ్చి ఆయన చుట్టూ తిప్పింది. ఇన్నాళ్ళూ తిప్పినట్టు తొందరగా, మొక్కుబడిగా తిప్పలేదు. నెమ్మదిగా, పెదాలు కదుపుతూ, తలనుంచి పాదాల దాకా తిప్పింది. కత్తిపీట మీద అడ్డంగా కోసింది. రసం చిప్పిల్లింది. ఆ పుల్లటి వాసనకు వసారాలో అందరి నోళ్ళూ ఊరాయి.

మస్తానయ్య కంచం ముందుకు జరిపాడు.

పెంచలమ్మ కంచం వైపు చూడనే లేదు. లోపలికి పోయి కుంకుమ తెచ్చి రెండు చెక్కలకూ దట్టంగా అద్దింది. గేటు దాకా నడిచి ఒక చెక్క ఇటు, ఒక చెక్క అటు విసిరేసింది. వెనక్కి తిరిగి చూడకుండా వచ్చి చేతులు కడుక్కుంది.

"అయ్యో అయ్యో!" అన్నాడు మస్తానయ్య. "ఇన్నాళ్ళకి దొరికిన కాయమే! దిష్టి తొక్క మీదే గదా పడేది, రసం పిండుంటే పొయ్యేది గదా!"

"నోరు ముయ్యి," అంది పెంచలమ్మ. "ఇన్నాళ్ళూ ఉత్తుత్తి దిష్టి. అందుకని పిండినా. ఇప్పుడు ఇద్దురు ఆపీసర్ల కళ్ళు నీ మీద నిజంగా పడినయ్. ఆ రసం నీకు పోస్తానా? నీకేమన్నా అయితే నేనేం కావాల?"

మస్తానయ్య మిగిలిన అన్నం ఉత్తదే తిని, కంచం నాకినంత పని చేసి లేచాడు. సంఘం అప్పటికే వెళ్ళిపోయింది. విశాలాక్షిగారు వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర కుంకుమ చెక్క చూసి, చీర కుచ్చిళ్ళు పైకెత్తి పట్టుకుని జాగ్రత్తగా దాటారు.

సాయంత్రం మస్తానయ్య కుర్చీ తెచ్చి గేటు లోపల వేసుకుని కూర్చున్నాడు. దారిన పోయేవాళ్ళు నిమ్మచెక్కలు తొక్కకుండా వీధి అవతలి పక్కకు జరిగి నడుస్తున్నారు. సైకిళ్ళవాళ్ళు దిగి నడిపించుకుని పోతున్నారు. ప్రతి ఒక్కరూ ఒక్క క్షణం తలెత్తి, అంత దిష్టి తగిలింది ఈ ఇంట్లో ఎవరికా అని చూస్తున్నారు. మస్తానయ్య వాళ్ళు చూడటానికి వీలుగా నిటారుగా కూర్చున్నాడు.

పెంచలమ్మ వాకిట్లోకి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"లోపలికి రావయ్యా! అందరూ నిన్నే చూస్తా ఉండారు. మళ్ళా ఎవురి కన్నన్నా పడితే తియ్యడానికి ఇంట్లో ఇంకో కాయ గూడా లేదు."

"వస్తా ఉండా," అన్నాడు మస్తానయ్య. అని, కుర్చీ ఇంకొంచెం వీధి వైపు జరుపుకున్నాడు.